వ్యాధి తిరగబెట్టునా? రక్తములోని మైక్రోఆర్‌ఎన్‌ఏల సాక్ష్యము

పెద్దప్రేగులోనో పురీషనాళములోనో పుట్టిన కాన్సరును శస్త్రవైద్యుడు నిశ్శేషముగా కోసి తీసివేయగా, కుట్లు మాని రోగి ఇంటికి మరలు నాడు ఆతని నోట గాని, ఆతనికంటె ముందుగా ఆతని భార్య నోట గాని వెలువడు ప్రశ్న ఒక్కటే: “ఇది మళ్ళీ వస్తుందా, డాక్టరుగారూ?” ఈ ప్రశ్నకు వైద్యుడు నేటికిని చెప్పగలిగిన సమాధానము సమూహమునకు వర్తించునదే గాని ఎదుటనున్న వ్యక్తికి వర్తించునది కాదు. కణితి ప్రేగు గోడను ఎంత లోతునకు తొలిచినదో, కోసి తీసిన లింఫు గ్రంథులలో ఎన్నింటికి వ్యాధి ప్రాకినదో సూక్ష్మదర్శిని క్రింద పరీక్షింపజేసి, రెండవ దశ యనియో మూడవ దశ యనియో నిర్ణయించి, ఆ దశలోని నూర్గురిలో ఇందరకు తిరగబెట్టును, ఇందరకు తిరగబెట్టదు అని ఆతడు చెప్పును. కుర్చీలో కూర్చున్న మనిషి ఆ నూర్గురిలో ఏ వైపువాడో ఆ లెక్కలో లేదు.

ఈ అనిశ్చయమువలన కలుగు నష్టము చిన్నది కాదు. 2022లో ప్రపంచమందు ఈ వ్యాధి క్రొత్తగా బయటపడినవారు 19 లక్షలకు పైబడిరనియు, దీనివలన మరణించినవారు సుమారు 9 లక్షలనియు అంతర్జాతీయ కాన్సరు పరిశోధన సంస్థ అంచనా. కాన్సరు మరణములలో ఊపిరితిత్తుల కాన్సరు తరువాతి స్థానము దీనిదే. రెండవ దశలో పట్టుబడిన పదుగురిలో సుమారు ఎనమండుగురు శస్త్రచికిత్సతోనే స్వస్థులగుదురు. తక్కిన ఇద్దరెవ్వరో తెలియదు గనుక, ఆ ఇద్దరికొరకు పదుగురకును కీమోథెరపీ ఇచ్చుటయా, పదుగురకును మానుటయా అను మీమాంస దశాబ్దములుగా సాగుచున్నది. మూడవ దశలో ఆ మీమాంస లేదు; అందరకును మందులే. ఫ్లోరోయురాసిల్, ఫోలినిక్ ఆమ్లము, ఆక్సాలిప్లాటిన్ అను మూడింటి కూటమి ఆ చికిత్సకు ఆధారము. భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున, అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో 1940ల నడుమ సంశ్లేషింపబడిన ఫోలిక్ ఆమ్లమునకు ఈ ఫోలినిక్ ఆమ్లము అతిసన్నిహితమైన రూపాంతరమని తెలుగు పాఠకుడు ఇచ్చట స్మరించుట అప్రస్తుతము గాదు. ఇక ఆక్సాలిప్లాటిన్ పుచ్చుకొన్నవారిలో పలువురకు వ్రేళ్లకొనలు తిమ్మిరెక్కును. చల్లని నీళ్ల గ్లాసు ముట్టుకొన్నను సూదులు గ్రుచ్చినట్లగును. కొందరకు ఆ తిమ్మిరి ఏండ్లు గడచినను విడువక, చొక్కా గుండీ పెట్టుకొనుట సైతము కష్టమగును. ఆ మందు అవసరమే లేని మనుష్యునకు ఈ బాధను కలిగించితిమేమో అను సందేహము, అవసరమైన మనుష్యునకు ఈయక పోతిమేమో అను సందేహము, ఈ రెంటి నడుమనే కాన్సరు వైద్యుని నిత్యజీవనము గడచుచున్నది.

కావున కత్తి తాకిన పిమ్మట శరీరములో వ్యాధిశేషమున్నదో లేదో రక్తపు బొట్టును చూచి చెప్పగల ఉపాయమేదైన దొరకునా అని వెదకుట సహజము. ఇట్టి ఉపాయములలో మొదటిది 1965లో లభించినది. మాంట్రియల్ నగరమున మెక్‌గిల్ విశ్వవిద్యాలయమునందు ఫిల్ గోల్డ్, శామ్యూల్ ఫ్రీడ్‌మన్ అను ఇరువురు పెద్దప్రేగు కణితులలోను, గర్భస్థశిశువు ప్రేగులలోను సమానముగా కన్పట్టు ఒక పదార్థమును కనుగొనిరి. నేడు ల్యాబు చీటీలపై సీఈఏ అను మూడక్షరములుగా కనబడునది అదియే. కాన్సరును మొగ్గలోనే పట్టియిచ్చునని మొదట దానిపై ఆశలు పెట్టుకొనిరి; పొగత్రాగువారిలోను, కాలేయవ్యాధులున్నవారిలోను గూడ అది పెరుగునని తెలిసిన పిదప ఆ ఆశ సన్నగిల్లినది. ఇప్పుడు దానికి మిగిలినది కాపలా పని. శస్త్రచికిత్స జరిగిన మొదటి రెండేండ్లు మూడు మొదలు ఆరు నెలలకొకమారు, తరువాత ఐదేండ్లు నిండువరకు ఆరునెలలకొకమారు ఈ పరీక్ష చేయించుట అంగీకృతమైన పద్ధతి. 2015లో వెలువడిన కోక్రేన్ సమీక్ష ప్రకారము, లీటరుకు 5 మైక్రోగ్రాములను హద్దుగా పెట్టుకొన్నచో, తిరగబెట్టిన వ్యాధిలో నూటికి 71 పాళ్లు ఈ పరీక్షకు చిక్కును. తిరగబెట్టని వారిలో నూటికి 88 మందిని అది సరిగా నిర్దోషులని తేల్చును. అనగా పదింట మూడు కేసులు దీని కన్ను గప్పి పోవుచున్నవి. అదియును గాక, సీఈఏ చెప్పునది వ్యాధి వచ్చినదని, రాబోవుచున్నదని కాదు. వచ్చినదానిని పసిగట్టుట వేరు, రాకపూర్వమే హెచ్చరించుట వేరు. మైక్రోఆర్‌ఎన్‌ఏలపై పరిశోధకులు పెట్టుకొన్న ఆశ ఈ రెండవదానిని గూర్చినది.

ఈ సూక్ష్మ పదార్థముల కథ కాన్సరు వార్డులో మొదలు కాలేదు. మిల్లీమీటరు పొడవైన ఒక పురుగులో మొదలైనది. 1993లో విక్టర్ ఆంబ్రోస్, గారీ రవ్‌కున్ అను అమెరికా శాస్త్రవేత్తలు వేరువేరు ప్రయోగశాలలలో పనిచేయుచు, ఆ పురుగులోని లిన్-4 అను జన్యువు ఏ ప్రోటీనును తయారుచేయదనియు, సుమారు 22 అక్షరముల ఆర్‌ఎన్‌ఏ తునకను మాత్రమే పుట్టించుననియు, ఆ తునక మరియొక జన్యువు పంపు వార్తాహర ఆర్‌ఎన్‌ఏకు అంటుకొని దాని నోరు నొక్కుననియు నిరూపించిరి. ఇట్టి తునకలకే మైక్రోఆర్‌ఎన్‌ఏలని పేరు. ఏడేండ్లపాటు లోకము దీనిని పురుగులకు మాత్రమే చెల్లు విచిత్రమని యెంచి పట్టించుకొనలేదు. 2000లో రవ్‌కున్ బృందమునకు దొరకిన లెట్-7 అను రెండవ తునక పురుగు మొదలు మనుష్యుని వరకు మార్పులేక నిలిచియున్నదని తేలిన పిమ్మటగాని దీని విశ్వవ్యాప్తి బోధపడలేదు. ఆ ఇరువురకు నోబెల్ బహుమానము 2024లో లభించినది.

కాన్సరుతో వీనికి గల చుట్టరికము 2002లో ఒక రక్తకాన్సరునందు, 2003లో పెద్దప్రేగు కాన్సరునందు బయటపడినది. మిర్-143, మిర్-145 అను రెండు మైక్రోఆర్‌ఎన్‌ఏలు ఆరోగ్యవంతమైన ప్రేగు పొరలో ఉండవలసినంతగా కణితిలో ఉండవు; మిర్-21 అనునది కణితిలో పొంగిపొరలును. ఈ మిర్-21 కణముల విచ్చలవిడి వృద్ధికి కళ్లెము వేయు పీటెన్, పీడీసీడీ4 వంటి జన్యువుల నోరు నొక్కునదగుటచేత, అది ఎక్కువైన చోట వ్యాధి ప్రకోపించుట యుక్తముగనే తోచును. 2008లో అమెరికా జాతీయ కాన్సరు సంస్థ పరిశోధకులు మేరీలాండ్, హాంకాంగ్ రోగుల కణితి తునకలను పరీక్షించి, మిర్-21 హెచ్చుగానున్నవారు తక్కువ కాలము జీవించిరని చూపిరి. అయితే కణితి తునక ఒక్కసారి దొరకునది; రక్తమో, కోరినప్పుడెల్ల దొరకునది. కణితిలోని ఈ తునకలు రక్తములోనికి వచ్చునా, వచ్చినను అచ్చట నిలుచునా? రక్తములో ఆర్‌ఎన్‌ఏను క్షణములలో ఖండించు ఎంజైములు నిండియుండును గనుక నిలువదనియే అందరును తలచిరి. అదే సంవత్సరము సియాటిల్ నగరములోని ఫ్రెడ్ హచిన్‌సన్ కేంద్రమున మునీశ్ తివారీ బృందము ఈ తలంపు తప్పని చూపినది. గది ఉష్ణోగ్రతలో 24 గంటలు ఉంచినను, ఎనిమిది మారులు గడ్డకట్టించి కరగించినను ప్లాస్మాలోని మైక్రోఆర్‌ఎన్‌ఏలు చెక్కుచెదరలేదు. నాటినుండి ఈ రంగమున వ్యాసములు వరదవలె వెలువడుచున్నవి.

ఆ వరదలోనుండి తిరగబెట్టుటకు సంబంధించిన కొన్నిటిని మాత్రమే ఎత్తి చూపెదను. 2009లో హాంకాంగ్ పరిశోధకులు మిర్-92ఎ అనునది పెద్దప్రేగు కాన్సరు రోగుల ప్లాస్మాలో హెచ్చుననియు, శస్త్రచికిత్స జరిగిన పిదప తగ్గుననియు ప్రకటించిరి. వారు పరీక్షించినది రోగనిర్ధారణకొరకే యైనను, ‘తీసివేసినంతనే తగ్గును’ అను భాగము తరువాతివారిని ఆకర్షించినది: తగ్గవలసినది తగ్గకున్నచో, శేషము మిగిలినదని గదా అర్థము! 2013లో జపానుకు చెందిన తోయియామా మొదలగువారు, టెక్సాస్‌లో అజయ్ గోయెల్ ప్రయోగశాలతో కలసి, 186 మంది రోగుల సీరమును పరీక్షించి మిర్-21ను గూర్చి ఇట్టి సంగతినే చెప్పిరి. హెచ్చుగానున్నవారికి కణితి పెద్దదిగాను, దూరావయవములకు ప్రాకినదిగాను, ఆయువు తక్కువగాను కన్పట్టినది. మరుసటి ఏడు అదే బృందము మిర్-200సి వైపు తిరిగినది. దీని చరిత్ర మరింత ఆసక్తికరము. కణితిలో ఈ తునక తగ్గినప్పుడు కణములు ఒకదానినొకటి విడిచి వలసపోవు స్వభావము పొందుననియు, వలసపోయి కాలేయములో స్థిరపడినచోట తిరిగి హెచ్చుననియు వారు వాదించిరి. సీరములో ఇది హెచ్చినవారికి లింఫు గ్రంథులకు వ్యాధి ప్రాకుటయు, శస్త్రచికిత్సానంతరము తిరగబెట్టుటయు అధికమని వారి లెక్క తేల్చినది. 2015లో జపానుకే చెందిన మరియొక బృందము, కణములు విసర్జించు ఎక్సోజోములు అను అతిసూక్ష్మ సంచులను వడగట్టి, వానిలోని మిర్-19ఎ తిరగబెట్టుటను ముందుగా సూచించునని తెలిపినది. 2016లో రెండవ, మూడవ దశల రోగులను గూర్చి వెలువడిన అమెరికా పరిశోధన ఒకటి ఎక్సోజోములలో మిర్-4772-3పి తగ్గుటయే ప్రమాదసూచిక యని ప్రకటించినది.

ఈ పట్టికను చూచిన పాఠకునకు ఒక సందేహము కలుగవలెను. ఒక బృందము చెప్పిన తునక వేరొక బృందమునకు ఏల దొరకదు? ఒకే తునక ఒకచోట హెచ్చుటయు మరియొకచోట మార్పులేకుండుటయు ఎట్లు సంభవించును? దీనికి సమాధానము కొంత జీవశాస్త్రమునందున్నను, అధికభాగము రక్తము తీసిన గొట్టమునందే యున్నదని నా నిశ్చితాభిప్రాయము.

ఆ గొట్టమును దగ్గరగా చూడుడు. ఊదారంగు మూతగల ఈడీటీఏ గొట్టమది. నర్సమ్మకు మొదటి పోటులో నరము దొరకక సూదిని అటునిటు కదపినది. సన్నని సూది గుండ సిరంజిని గట్టిగా లాగినది. మెల్లగా తలక్రిందులు చేయవలసిన గొట్టమును తొందరలో విదల్చినది. ఈ చిన్న చేష్టలలో ప్రతిదానికిని కొన్ని ఎర్రరక్తకణములు చిట్లిపోవును. సెంట్రిఫ్యూజులో త్రిప్పిన పిమ్మట పైకి తేలిన ప్లాస్మా గడ్డిపరక రంగులో నుండవలసినది, ఒకింత గులాబిరంగు దేరును. చిట్లుట స్వల్పమైనచో కంటికి ఆ రంగైనను కనబడదు. ఎర్రకణములలో మిర్-451ఎ, మిర్-16, మిర్-486, మిర్-92ఎ అనునవి సమృద్ధిగా నిండియుండును. కణము చిట్లినంతనే అవన్నియు ప్లాస్మాలో కలియును. పెద్దప్రేగు కాన్సరునకు సాక్షిగా నిలబెట్టిన మిర్-92ఎ ఈ జాబితాలో నుండుట గమనింపుడు. 2012లో తివారీ బృందమే, అనగా ఈ తలుపు మొదట తెరచినవారే, ఒక హెచ్చరికను ప్రకటించిరి: ఘనకణితులకు రక్తసూచికలని అదివరకు ప్రకటింపబడిన 79 మైక్రోఆర్‌ఎన్‌ఏలలో 46, అనగా నూటికి 58, ఏదో యొక రక్తకణములో హెచ్చుగా ఉండునవే, కణములు చిట్లుటవలన కొన్నిటి పరిమాణము 50 రెట్ల వరకు మారిపోవచ్చును. ఎన్నో పరిశోధనలు కాన్సరు రోగికిని ఆరోగ్యవంతునకును నడుమ కనుగొన్న భేదము రెండు మూడు రెట్లకు మించదని ఎరిగినవారికి ఈ 50 అను సంఖ్య గుండెలు గుభేలుమనిపించును.

ఈ దోషమును పట్టుకొను ఉపాయము లేకపోలేదు. ఎర్రకణములందే మెండుగా ఉండు మిర్-451ఎను, చిట్లినను అంతగా మారని మిర్-23ఎను పీసీఆర్ యంత్రములో కొలిచి, రెండింటికి ఎన్ని ఆవృత్తుల తేడా యున్నదో చూచిన చాలును. యంత్రములో ఒక్కొక్క ఆవృత్తికి పదార్థము రెండింతలగును గనుక, ఏడు ఆవృత్తుల తేడా యనగా 128 రెట్లు, ఎనిమిదనగా 256 రెట్లు. తేడా ఏడు దాటిన నమూనాను అనుమానింపవలెననియు, ఎనిమిది దాటినదానిని పారవేయవలెననియు నేడు పలువురు పాటించు వాడుక. ఈ వాడుక పుట్టకముందు వెలువడిన వ్యాసములను ఏ మేరకు నమ్మవలెనో పాఠకుడే ఊహించుకొనవచ్చును.

చిట్లుట ఒక్కటే గాదు. పచ్చమూత గొట్టములోని హెపారిన్ పీసీఆర్ ఎంజైముల పనిని అడ్డగించును. సీరమును తీయుటకు రక్తమును గడ్డకట్టనీయవలెను. గడ్డకట్టునప్పుడు ప్లేట్‌లెట్లు తమలోని మైక్రోఆర్‌ఎన్‌ఏలను విడిచిపెట్టును. కావున సీరములోని లెక్కను ప్లాస్మాలోని లెక్కతో పోల్చరాదు. జిల్లా కేంద్రములోని కలెక్షన్ సెంటరులో తీసిన రక్తము ఐసుపెట్టెలో హైదరాబాదు చేరుసరికి పొద్దు గూకును. ప్లాస్మాను వేరుచేయుటలో ఆలస్యమైనకొలది రక్తకణముల సరకు అందులో కలియుచుండును. రోగుల రక్తమును ఆపరేషను నాటి ఉదయమున, పరగడుపున, నిపుణులచేత తీయించి, ఆరోగ్యవంతుల రక్తమును ఏదో శిబిరములో మధ్యాహ్నము తీయించినచో, యంత్రము చూపు భేదము కాన్సరుదో, కాలముదో, కాఫీదో ఎవరు చెప్పగలరు?

కొలుచుటలో మరియొక చిక్కు కలదు. ప్లాస్మానుండి ఆర్‌ఎన్‌ఏను వేరుచేయునప్పుడు ఎంతో కొంత నష్టమగును. దానిని సరిచేయుటకు ఎల్లప్పుడు మారకయుండు ఒక తునకతో పోల్చి చెప్పుట ఆచారము. అట్టి కొలబద్దగా పలువురు ఎన్నుకొన్నది మిర్-16. ఎర్రకణములు చిట్లినప్పుడు మిర్-16 తానే పెరుగును. కొలబద్దయే సాగినప్పుడు బట్ట కుఱుచ యని తోచుటలో వింత యేమున్నది? ఈ కారణముచేత కొందరు పురుగునకు మాత్రమే చెందిన, మానవ రక్తములో ఎన్నడును ఉండని సెల్-మిర్-39 అను తునకను తెలిసిన మోతాదులో నమూనాకు కలుపుచున్నారు. అది వేరుచేయుటలోని నష్టమును సరిచూచును గాని, రక్తము తీయుటలోని దోషమును సరిదిద్దలేదు.

ఎక్సోజోముల పక్షమువారు తాము ఈ చిక్కులనుండి బయటపడితిమని చెప్పుకొందురు. కణితి తన సందేశములను సంచులలో భద్రముగ కట్టి పంపుచున్నదనియు, సంచులను ఏరుకొన్నచో రక్తకణముల గోల వినబడదనియు వారి వాదము. ఈ వాదము చెవికింపైనది. కాని లెక్కకు నిలువదు. 2011లో వెలువడిన పరిశోధన ప్రకారము రక్తములోని మైక్రోఆర్‌ఎన్‌ఏలలో నూటికి 90 పాళ్ల వరకు సంచులలో లేవు. ఆర్గోనాట్ అను ప్రోటీనును పెనవేసుకొని బయటనే తిరుగుచున్నవి. 2014లో మరియొక లెక్క వచ్చినది: సమృద్ధిగానున్న మైక్రోఆర్‌ఎన్‌ఏను ఎన్నుకొన్నను, దాని నకలు ఒక్కటి కన్పట్టవలెనన్న సగటున నూరు ఎక్సోజోములకు పైగా వెదకవలసియుండును. సంచులను ఏరు పద్ధతులు ప్రయోగశాలకొకటిగా నున్నవి. ఒకరు ఏరినవి వేరొకరు ఏరినవానితో సరిపోవు. ఇవి పనికిరావని నేననుట లేదు. శుద్ధిచేయు పద్ధతి స్థిరపడువరకు వీని ఫలితములను ఆసుపత్రికి తేరాదని మాత్రము చెప్పుచున్నాను.

ఇక గణాంకముల సంగతి. మిర్‌బేస్ అను నిఘంటువు 2018 నాటి ప్రతిలో మానవ మైక్రోఆర్‌ఎన్‌ఏలు 2,654 అని నమోదు చేసినది. కఠిన ప్రమాణములతో వడగట్టిన మిర్‌జీన్‌డీబీలో నిజమైన జన్యువులుగా నిలిచినవి ఐదువందల పైచిలుకు మాత్రమే. వేలకొలది తునకలను నూర్గురైనను లేని రోగులపై పరీక్షించినప్పుడు, ఏదో యొకటి యాదృచ్ఛికముగా తిరగబెట్టినవారిలో హెచ్చుగా కన్పట్టి తీరును. ఏ పరిమాణమును హద్దుగా పెట్టుకొన్నచో రెండు వర్గములు చక్కగా విడివడునో అదే రోగులపై వెదకి, అదే రోగులపై దానిని నిరూపించితిమనుట తానే ప్రశ్నపత్రము వ్రాసి తానే దిద్దుకొన్నట్టు. సూచికల పరిశోధన ఎట్లు వ్రాయవలెనో 2005లో రిమార్క్ నియమములును, పీసీఆర్ కొలతలు ఎట్లు నివేదింపవలెనో 2009లో మిక్ నియమములును వెలువడియున్నవి. వానిని చదివినవారికంటె ఉదహరించినవారు ఎక్కువమంది.

మంచి సూచికయైనను రోగికి ఎంతవరకు అక్కరకు వచ్చునో తెలియుటకు ఒక చిన్న లెక్క వేసి చూతము. రెండవ దశలో శస్త్రచికిత్స పొందిన నూర్గురిలో ఇరువదిమందికి వ్యాధి తిరగబెట్టుననుకొందము. తిరగబెట్టువారిలో నూటికి 80 మందిని పట్టునట్టి, తిరగబెట్టనివారిలో నూటికి 80 మందిని విడిచిపెట్టునట్టి పరీక్ష మన చేతిలో నున్నదనుకొందము. ఈ రంగములో అది గొప్ప పరీక్షయే. అది ఇరువదిమందిలో పదునారుగురిని పట్టును. తక్కిన ఎనుబదిమందిలోనుండి మరి పదునారుగురిని గూడ తప్పుగా పట్టును. ‘నీకు తిరగబెట్టును’ అని చెప్పబడిన ముప్పదిఇద్దరిలో సగము మందికి తిరగబెట్టదు. నాణెమెగురవేసి చెప్పినను వారికి అంతే. ‘నీకు భయము లేదు’ అని పంపివేసిన అరువదియెనమండుగురిలో నలువురు మరల వత్తురు. ఈ లెక్కను వ్యాసాంతమున వేసి చూపిన పరిశోధకులు మిక్కిలి అరుదు; ‘గణనీయమైన భేదము’ అను మాటతో తృప్తి చెందినవారే బహుళము.

ఈ లోపల మరియొక రక్తసూచిక ముందునకు దూసుకొనిపోయినది. చచ్చిన కణితి కణములనుండి రాలి రక్తములో తేలియాడు డీఎన్‌ఏ తునకలలో, ఆ రోగి కణితికే ప్రత్యేకమైన జన్యుదోషమును వెదకు పద్ధతి అది. 2016లో ఆస్ట్రేలియాలో జీన్ టై మొదలగువారు రెండవ దశ రోగులపై దీనిని పరీక్షించిరి. శస్త్రచికిత్స తరువాత కీమోథెరపీ పొందని 178 మందిలో పదునలువురి రక్తమున ఈ డీఎన్‌ఏ కన్పట్టగా, వారిలో పదునొకండుగురకు వ్యాధి తిరగబెట్టినది. మైక్రోఆర్‌ఎన్‌ఏల పరిశోధనలో నేను చదివిన ఏ ఫలితమును దీని దరికి రాదు. ఏలనగా జన్యుదోషము కణితికి మాత్రమే చెందినది. మిర్-21 అట్లుగాక గాయము మానునప్పుడును, గుండె కండరము గట్టిపడునప్పుడును, ఇతర కాన్సరులలోను హెచ్చును. ఆపరేషను గాయము మానుచున్న రోగిలో మిర్-21 హెచ్చుట కణితి శేషమువలననో, కుట్లు మానుటవలననో తేల్చుట ఎట్లు?

అయితే అదే పట్టికను క్రిందివరకు చదువవలెను. డీఎన్‌ఏ కన్పట్టని తక్కిన 164 మందిలో పదునారుగురకు వ్యాధి తిరగబెట్టినది. నూటికి పదిమందియు లేని చిన్న భాగమే యైనను, తలలు లెక్కించినచో పట్టుబడినవారికంటె తప్పించుకొన్నవారే ఎక్కువ. పదునొకండుగురెక్కడ, పదునారుగురెక్కడ! మైక్రోఆర్‌ఎన్‌ఏలకు స్థానమేదైన ఉన్నచో అది ఇచ్చటనే యున్నదని నా అభిప్రాయము. కణితి డీఎన్‌ఏ చచ్చిన కణముల శేషము. మైక్రోఆర్‌ఎన్‌ఏ బ్రతికియున్న కణములును విడుచునది. కణితి మాత్రమే గాక, దాని చుట్టునున్న శరీరమును, దానిని ఎదిరించు రక్షకకణములును విడుచునది. అతిస్వల్పముగా మిగిలి, నిద్రాణమైయుండి, డీఎన్‌ఏను రాల్చని శేషమును ఇది పట్టునేమో. ఇది ఊహయే, కాని పరీక్షింపదగిన ఊహ. పదునైదేండ్లుగా మైక్రోఆర్‌ఎన్‌ఏలను సీఈఏతో పోటీకి దింపి ‘మాది ఒకింత మేలు’ అని నిరూపించుటలో గడచిన శ్రమ, డీఎన్‌ఏ పరీక్షలో నిర్దోషులుగా తేలినవారి నిలువచేసిన ప్లాస్మాను వెదకుటకు వినియోగింపబడినచో ఈపాటికి అవుననియో కాదనియో తేలియుండెడిది.

నిరూపణకు మార్గమును గూడ ఆస్ట్రేలియావారే చూపిరి. 2022లో ప్రకటింపబడిన డైనమిక్ పరిశోధనలో 455 మంది రెండవ దశ రోగులను రెండు వర్గములుగా విభజించి, ఒక వర్గమున నాలుగవ, ఏడవ వారములలో తీసిన రక్తము చెప్పినట్లు, రెండవ వర్గమున వైద్యుని వాడుక ననుసరించి, కీమోథెరపీ ఇచ్చిరి. రక్తము చెప్పినట్లు నడచిన వర్గములో నూటికి 15 మందియే మందు పుచ్చుకొనిరి. వాడుకననుసరించిన వర్గములో 28 మంది. రెండేండ్లకు వ్యాధి తిరగబెట్టక నిలిచినవారు మొదటి వర్గమున నూటికి 93.5, రెండవదానిలో 92.4. దాదాపు సగము మందికి ఆ తిమ్మిరిబాధ తప్పినది. ఎవ్వరి ప్రాణమునకును దానివలన నష్టము కలిగినట్లు కన్పట్టలేదు. సూచిక యోగ్యత తేలునది ఇట్టి పరీక్షలో: అది రోగిని రెండు గుంపులలో దేనిలోనికో నెట్టుటలో గాదు, ఆతని చికిత్సను మార్చి, ఆ మార్పు మేలుచేసినదని చూపుటలో. ముందుగా తెలిసినంతమాత్రమున మేలగుననుకొనుట పొరపాటని 2014లో ప్రకటింపబడిన బ్రిటిషు పరిశోధన హెచ్చరించియున్నది. సీఈఏతోను స్కానుతోను తఱచుగా వెదకినందున, తిరగబెట్టిన వ్యాధిని మరల కోసి తీయు అవకాశము హెచ్చినదే గాని మరణములు స్పష్టముగా తగ్గినట్లు దానిలో తేలలేదు. మైక్రోఆర్‌ఎన్‌ఏలను ఆధారముగా గొని ఇట్టి పరీక్ష పెద్దయెత్తున జరిపి మేలు నిరూపించినవారు ఇంతవరకు ఎవ్వరును లేరు. అమెరికా, ఐరోపా కాన్సరు వైద్యసంఘముల మార్గదర్శకములలో ఒక్కటియు పెద్దప్రేగు కాన్సరు తిరగబెట్టుటను తెలిసికొనుటకు రక్తములోని మైక్రోఆర్‌ఎన్‌ఏ పరీక్షను సిఫారసు చేయుట లేదు.

కావున ఆపరేషను చేయించుకొని ఈ వ్యాసము చదువుచున్నవారితోను, వారి ఇంటివారితోను ఒక మాట. మైక్రోఆర్‌ఎన్‌ఏ పరీక్షతో వ్యాధి తిరగబెట్టునో లేదో చెప్పెదమని ఎవరైన కరపత్రము చేతికిచ్చినచో, దానికి నేడు డబ్బు కట్టకుడు. మీ వైద్యుడు వ్రాసియిచ్చిన సీఈఏ పరీక్షను, ఏడాదికొకమారు సీటీ స్కానును, శస్త్రచికిత్స జరిగిన ఏడాదికి చేయవలసిన కొలొనోస్కోపీని మానకుడు. తిరగబెట్టు వ్యాధిలో అయిదింట నాలుగు వంతులు మొదటి మూడేండ్లలోనే బయటపడును గనుక, ఆ మూడేండ్లు తేదీ తప్పనీయకుడు. ఏ పరిశోధనాలయమువారైన పరిశోధనకొరకు మీ రక్తము నడిగినచో, సమ్మతిపత్రము చదువుకొని ఇచ్చుటకు వెనుదీయకుడు; రక్తము తీసిన గంటను, ప్లాస్మా వేరుచేసిన గంటను గొట్టముపై వ్రాయుమని మాత్రము అడుగుడు.